కన్నం పెట్టినవాళ్ళే కన్నం మూయాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో ఇంటి చిట్కాల పేజీలో ఎలుకల గురించి వేశారు. కర్పూరం పెట్టండి, పుదీనా నూనెలో దూది ముంచి మూలల్లో ఉంచండి, లవంగాలు మూటకట్టండి అని. చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఇవన్నీ నేను చేసి చూశాను సార్, రెండేళ్ళు చేశాను. వీటితో ఎలుక పోదు. రెండు రోజులు వాసనకి పక్కకు జరుగుతుంది, మూడో రోజు ఆ మూట మీదుగానే నడుస్తుంది. మీ పేపరు చదివి నాలాంటి వాళ్ళు ఎంతమంది ఆ డబ్బు, ఆ టైమూ పోగొట్టుకుంటారో అని బాధేసింది, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని అడుగుతున్నాను.

మాది మౌలాలి. ముప్పై ఏళ్ళుగా మోటార్ వైండింగ్ చేస్తున్నాను, అంటే కాలిపోయిన మోటార్లలో రాగి తీగ మళ్ళీ చుట్టే పని, కూలర్ మోటార్లు, మిక్సీలు, గ్రైండర్లు, అప్పుడప్పుడు బోరు మోటార్లు. పైన మేం ఉంటాం, కింద ఒక గది, దాని వెనక చిన్న రేకుల షెడ్డు, అదే నా వర్క్‌షాప్. ఇలాంటి షాపులు మన ఊళ్ళో ప్రతి గల్లీలో ఉన్నాయి. ఇంటి ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకున్నవాళ్ళు, మగ్గం వర్క్ చేసేవాళ్ళు, వడ్రంగులు, ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు, అందరిదీ ఇల్లూ పనీ ఒకే గోడకు అటూ ఇటూ. కస్టమర్ నమ్మి ఇచ్చిన వస్తువు రాత్రంతా ఆ గదిలో ఉంటుంది. దాన్ని ఎలుక కొడితే పోయేది ఎలుక కొట్టినంతే కాదు, మన మాట పోతుంది.

రెండేళ్ళ కిందట మార్చిలో జరిగింది చెబుతాను. పక్క బస్తీలో పిండి గిర్నీ నడిపే ఆయన 5 హార్స్‌పవర్ మోటారు కాలిపోతే తెచ్చి ఇచ్చాడు. పాత తీగంతా లాగేసి, తీగ కూర్చునే స్లాట్లు గీకి, వాటిలో కొత్త పేపర్ వేసి, కాయిల్స్ దించి, దారంతో గట్టిగా కట్టి, రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని పూర్తి చేశాను. వార్నిష్ పొద్దున పోద్దామని వదిలేసి పైకి వెళ్ళి పడుకున్నా. పొద్దున షట్టర్ లేపి చూస్తే కట్టిన దారం మూడు చోట్ల తెగి వేలాడుతోంది, స్లాట్ పేపర్ అంచులు రంపం పెట్టినట్టు కొరికి ఉన్నాయి, కాయిల్స్ మీద మూత్రం తడి ఇంకా ఆరలేదు. ఇన్సులేషన్ చూసే మీటరు మెగ్గర్ పెట్టి తిప్పితే ముల్లు సున్నా దగ్గరే ఆగిపోయింది, అంటే కరెంటు లీకవుతోంది. మళ్ళీ మొత్తం తీసి మొదటి నుంచి చుట్టాను. రాగి తీగ నా చేతిది పోయింది సరే, ఆ గిర్నీ ఆయన ఇంకో రెండు రోజులు షాపు మూసుకుని కూర్చున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు ఆయన. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

తర్వాత వారంలోనే కింది డ్రాయర్ తెరిచాను, వైర్లకి తొడిగే స్లీవ్‌లు పెట్టుకునే డ్రాయర్ అది. లోపల స్లాట్లలో వేసే లెదరాయిడ్ పేపర్ అంతా సేమ్యా తుంపినట్టు సన్నగా చీల్చి, కాటన్ టేప్ ముక్కలు కలిపి, గిన్నెలాగా ఒక గూడు కట్టి ఉంది. అందులో ఏడు పిల్లలు. బొటనవేలి చివర అంత కూడా లేవు, గులాబీ రంగు, కళ్ళు ఇంకా తెరవలేదు. చర్మం ఎంత పల్చగా ఉందంటే తాగిన పాలు కడుపులో తెల్లగా కనబడుతున్నాయి. మా అమ్మ చూసి "వినాయకుడి వాహనం రా నాయనా, పసికూనల జోలికి పోకు" అంది. నాకూ చేతులు రాలేదు. డ్రాయర్ అలాగే మెల్లగా మూసేశా, సాయంత్రానికి తల్లి వాటిని ఎక్కడికో మోసుకుపోయింది. ఆ రోజు కూర్చుని లెక్క వేసుకున్నా. ఎలుకకి గర్భం మూడు వారాలు. ఈతకి ఐదారు పిల్లలు మామూలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్ళీ తల్లులవుతాయి. వారానికి ఒకటి పట్టి చంపితే ఈ లెక్క ఎప్పటికి తెమలాలి?

అయినా ముందు నేను కూడా అందరిలాగే చంపడం మీదే పడ్డాను. జిగురు అట్ట తెచ్చి పెట్టా. ఆ రాత్రి రెండింటికి కింది నుంచి అరుపు, చిన్నపిల్ల ఏడ్చినట్టు, మా అమ్మాయి ముందు లేచి పరుగెత్తింది. చూస్తే ఎలుక నాలుగు కాళ్ళూ ఒక పక్క బుగ్గా అట్టకి అతుక్కుపోయి గుంజుకుంటోంది, గుంజిన కొద్దీ తోలు ఊడి వస్తోంది. మా అమ్మాయి వంటనూనె తెచ్చి పోసింది, నూనెకి జిగురు వదులుతుంది, అరగంటకి విడిపించాం గానీ అది బతకలేదు. ఈ జిగురు అట్టలు వాడొద్దని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు ఎప్పుడో చెప్పింది. అయినా ఇప్పటికీ ఆన్‌లైన్లో ఒక్క బటన్ నొక్కితే ఇంటికి వస్తాయి. దయచేసి ఎవరూ కొనకండి, అంతకంటే నేను చెప్పలేను.

ఆ తర్వాత మందు. ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీ వాళ్ళని పిలిచాం, ఏడాది కాంట్రాక్ట్ అన్నారు, డబ్బు ముందే కట్టించుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి పది నిమిషాల్లో నీలం రంగు బిళ్ళలు మూలల్లో పెట్టేసి వెళ్ళారు. ఏ కన్నం నుంచి వస్తున్నాయి అని ఒక్క ప్రశ్న అడగలేదు, గోడ వైపు టార్చి వేసి చూడలేదు. ఆ బిళ్ళల్లో ఉండేది బ్రోమడయోలోన్, రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది, ఆలోపు ఎక్కడికైనా పోయి పడుకుంటుంది. మా ఇంట్లో మీటర్ బోర్డు వెనక గోడ సందులో పోయి చచ్చింది. ఎండాకాలం, పైన ఇల్లు, పన్నెండు రోజులు ఆ కంపులో అన్నం తిన్నాం. చివరికి బోర్డు ఊడదీయాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే చచ్చినవి తీయడం కాంట్రాక్టులో లేదు అన్నారు. అదే వారంలో మా గల్లీలో తిరిగే బూడిదరంగు పిల్లి కూడా మెట్ల కింద చచ్చి పడింది. మందు తిన్న ఎలుకని పిల్లి తింటే పిల్లికీ ఆ మందే ఎక్కుతుంది, గుడ్లగూబ తిన్నా అంతే. రోజూ రాత్రి ఎలుకల్ని పట్టే జీవాల్ని మనమే చంపుకుని మళ్ళీ ఎలుకలు పెరిగాయి అంటున్నాం.

కిరాణా కొట్లో దొరికే ఎలుకల పేస్టు సంగతి ఇంకా దారుణం. పసుపు భాస్వరంతో చేసే పేస్టుకి విరుగుడు లేదు. ఒంట్లోకి పోయిన మనిషి మొదట్లో బాగానే ఉన్నట్టు కనిపించి తర్వాత కాలేయం దెబ్బతిని పోతాడు. పిల్లలున్న ఇంట్లో బ్రెడ్డుకి రాసి మూలన పెట్టడం నేను కళ్ళారా చూశాను, చూసి ఆ ఇంటావిడతో గొడవపడి తీయించాను. ఏ ఎలుకల మందైనా పొరపాటున ఎవరి నోట్లోకైనా పోతే, ఏం కాలేదులే అని ఇంట్లో కూర్చోవద్దు, ఆ డబ్బా లేదా రేపర్ చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఎందుకంటే బ్రోమడయోలోన్ అయితే విటమిన్ కె ఇచ్చి కాపాడతారు, కానీ ఏ మందో తెలియకపోతే డాక్టరు చేతులు కట్టేసినట్టే.

చెవికి వినపడని శబ్దం చేసి ఎలుకల్ని తరిమే మిషన్లు అంటూ ప్లగ్గులో పెట్టేవి కూడా రెండు కొన్నాను. దండగ. వాటి మీదే పెంటికలు కనిపించాయి.

ఇక దారి ఎలా దొరికిందో చెబుతాను. మా అబ్బాయి క్యారమ్ బోర్డు పౌడర్ డబ్బా ఉంది ఇంట్లో. ఒక రాత్రి షాపు కట్టేసేముందు ఆ పౌడర్ గోడల వెంట పల్చగా చల్లాను, షట్టర్ కింద, వాష్ బేసిన్ కింద, షెడ్డు గుమ్మం దగ్గర. పొద్దున టార్చి నేల మీద వాలుగా పెట్టి చూస్తే అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, ఎక్కడ నుంచి ఎక్కడికి పోయాయో గీసి ఇచ్చినట్టు కనపడింది. గది నడి మధ్యలోకి ఒక్క అడుగు లేదు, అన్నీ గోడని రాసుకుంటూ పోయినవే. ముప్పై ఏళ్ళు ఆ గదిలో పని చేశాను, ఆ గోడల్లో అన్ని కన్నాలు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. కూర్చుని లెక్కపెడితే పదకొండు.

ఆ పదకొండూ ఎవరు పెట్టారో వినండి. పై అంతస్తు ఏసీ పైపు కోసం గోడకి పెద్ద కన్నం కొట్టి, పైపు పోగా మిగిలిన సందు అలాగే వదిలేశారు. నెట్ కేబుల్ కోసం వచ్చిన కుర్రాడు డ్రిల్లు పెట్టి పోయాడు. వాష్ బేసిన్ పైపు గోడలోకి వెళ్ళే చోట ప్లంబర్ చుట్టూ సిమెంటు పెట్టలేదు. మీటర్ నుంచి వైరు వచ్చే పైపు మూతి తెరిచే ఉంది. షెడ్డు రేకులు గోడ మీద ఆనేచోట ప్రతి అల కింద ఒక గుహ. షట్టర్ రెండు చివర్లా బొటనవేలు పట్టేంత సందు. అందులో రెండు నేనే పెట్టినవి, ఒకటి కూలర్ పంపు పైపు కోసం, ఒకటి గ్రైండింగ్ మోటారుకి వైరు లాగడానికి. ఎలుక తొలిచినది ఒక్కటంటే ఒక్కటే, షెడ్డు మట్టి నేలలో. మిగతా పదీ మనుషులు ఎలుకకి తెరిచి పెట్టిన తలుపులే సార్.

అందుకే నా ఉత్తరంలో అసలు మాట ఇది. గోడకి కన్నం పెట్టినవాళ్ళే దాన్ని మూసి పోవాలి. ఏసీ బిగించేవాళ్ళు, నెట్ కేబుల్ వాళ్ళు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, నాలాంటి వాళ్ళం అందరం. మూయకపోతే డబ్బులివ్వం అని ఇంటివాళ్ళు గట్టిగా అనాలి. పని పూర్తయిందని సంతకం పెట్టేముందు పైపు చుట్టూ వేలు పెట్టి చూడండి. పెన్సిల్ దూరే సందు ఉందంటే చిట్టెలుక దూరుతుంది, పావు ఇంచు చాలు దానికి. అర ఇంచు ఉంటే పెద్ద ఎలుక కూడా వస్తుంది. తల పట్టిందంటే ఒళ్ళు ఎలాగైనా లాక్కుంటుంది.

మూయడం కూడా ఒక పనే, దాన్ని సరిగ్గా చేయాలి. గుడ్డలు కుక్కితే లాగేసి గూడు కట్టుకుంటాయి. ఫోమ్ స్ప్రే ఒక్కటే కొడితే కొరికేస్తాయి, థర్మోకోల్ సంగతి చెప్పక్కర్లేదు. ఎలుక ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అవి అరగడానికి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి, అందుకే తిండి కాని వైరుని, పీవీసీ పైపుని కూడా వదలదు. నేను చేసింది ఏంటంటే గిన్నెలు తోమే స్టీల్ స్క్రబ్బర్లు రెండు డజన్లు తెచ్చి, ఒక్కోదాన్ని విప్పి పైపు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా దట్టించి, పైన సిమెంటు పూశాను. పాతకాలం మేస్త్రీలు సిమెంట్లో గాజు పెంకులు కలిపేవాళ్ళు, అదీ పని చేస్తుంది కానీ రేపు ఆ గోడ మళ్ళీ కొట్టాల్సి వస్తే చేతులు తెగుతాయి. పచ్చి సిమెంటుని రాత్రికి తోడేస్తాయి కాబట్టి పొద్దున్నే పూయాలి, చీకటి పడేసరికి గట్టిపడాలి. రాణిగంజ్‌లో పావు ఇంచు కన్ను ఉండే ఇనప జాలీ మీటర్ల లెక్కన దొరుకుతుంది, రేకుల అలల కింద అది కత్తిరించి వంచి బిగించాను. ప్లాస్టిక్ జాలీ వద్దు. షట్టర్ కింద రబ్బరు పట్టీ ఒక్కటే వేస్తే వారంలో నమిలేశాయి, దాని మీద అల్యూమినియం పట్టీ కొట్టాక ఆగింది. మోరీలోకి పోయే గొట్టం మీద స్క్రూలతో బిగించే స్టీల్ జాలీ వేశా. మొత్తం మూడు ఆదివారాలు పట్టింది, ఖర్చు ఆ కంపెనీ వాళ్ళకి కట్టిన ఏడాది కాంట్రాక్టులో సగం కూడా కాలేదు.

ఇంకో మాట. అన్నిటినీ ఎలుక అనే ఒక్క పేరుతో పిలిస్తే పని జరగదు. డ్రాయర్లలో గూళ్ళు కట్టేది చిట్టెలుక, దాని పెంటికలు బియ్యపు గింజంత ఉంటాయి. రేకుల మీద, కేబుల్ వైర్ల మీద, చెట్టు కొమ్మల మీదుగా వచ్చేది నల్లెలుక, అది పై నుంచి దిగుతుంది కాబట్టి నేల మీద కన్నాలు ఎన్ని మూసినా లాభం లేదు, గోడకి ఆనిన కొమ్మ కొట్టాలి, రేకుల సందు మూయాలి. పందికొక్కు కింది నుంచి వస్తుంది, మోరీ పక్కన మట్టి కుప్పలు పోసి ఉంటే అదే. షెడ్డులో మట్టి నేల ఉన్నన్నాళ్ళూ దాన్ని ఆపలేం, నేను చివరికి కాంక్రీటు వేయించాను. ముక్కు పొడుగ్గా ఉండి కీచుమని అరుస్తూ ఘాటు వాసన కొట్టే చుంచు అసలు ఎలుక జాతే కాదు, బొద్దింకల్ని పురుగుల్ని తింటుంది, వైర్ల జోలికి రాదు. దాన్ని ఎలుక అనుకుని చంపేవాళ్ళే ఎక్కువ.

తిండి లేని మోటార్ షాపుకి ఎలుకలు ఎందుకు వస్తాయి అని మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. గిర్నీ మోటారు లోపల పిడికెడు పిండి ఉంటుంది. మిక్సీ కింద ఎండిన కొబ్బరి, వెల్లుల్లి పేస్టు. గ్రైండర్‌లో ఇడ్లీ పిండి. తిండిని నేనే మోసుకొచ్చి గదిలో పెట్టుకుంటున్నాను రోజూ. ఇప్పుడు ఏ వస్తువు వచ్చినా గుమ్మం బయటే బ్రష్షుతో బ్లోయర్‌తో శుభ్రం చేశాకే లోపలికి తెస్తాను. పేపరు, టేపు, స్లీవ్‌లు మూత గట్టిగా ఉండే పాత ఇనప ట్రంకు పెట్టెలోకి మార్చాను. రాత్రి తీగ చుట్టిన మోటారు భాగాలు, స్టేటర్లంటాం, వాటి మీద వెడల్పాటి ఇనప బకెట్ బోర్లించి పెడతాను. పక్కవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది కానీ ఆ గిర్నీ మోటారు తర్వాత ఒక్క వైండింగ్ కూడా పోలేదు.

కన్నాలు మూశాక లోపల మిగిలిపోయినవాటి కోసం బోన్లు. ఒకటి పెట్టి చూస్తూ కూర్చుంటే లాభం లేదు, ఐదారు ఒకేసారి కావాలి. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే భయం, నిన్న లేనిది ఇవాళ దారిలో ఉంటే చుట్టూ తిరిగి పోతుంది. అందుకని మూడు నాలుగు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి ఎర మాత్రం పెట్టి వదిలేశా, అలవాటు పడి లోపలికి పోయి తిని వస్తున్నాయని తెలిశాక కట్టు విప్పాను. ఒక్క రాత్రి నాలుగు పడ్డాయి. ఎరగా నిప్పు మీద కాస్త కాల్చిన ఎండుకొబ్బరి ముక్క, దాన్ని దారంతో కొక్కేనికి కట్టాలి, లేకపోతే లాక్కుని పోతాయి. బోను గోడకి ఆనించి పెట్టాలి, పౌడర్లో అడుగులు ఎక్కడ ఎక్కువున్నాయో అక్కడ. పట్టినవాటిని పక్క కాలనీలో వదిలే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, నేనూ ఒకప్పుడు అదే చేసేవాణ్ణి. అది సరైంది కాదు, నా కష్టం తీసుకెళ్ళి ఇంకొకరి గుమ్మంలో దించడం అది. చంపాల్సి వస్తే ఒక్క దెబ్బకి పోయే స్ప్రింగు బోను వాడాలి. మా అమ్మకి అది కూడా ఇష్టం లేదు, కానీ కన్నాలు మూశాక చంపాల్సినవి తొమ్మిదే తేలాయి, తర్వాత ఆరు నెలలు ఒక్కటీ రాలేదు. అమ్మ కూడా ఇప్పుడు అందరికీ ముందు కన్నాలు చూసుకోమనే చెబుతోంది.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త, ఇది నాలాంటి పనివాళ్ళకి మరీ ముఖ్యం. పెంటికల్ని పొడి చీపురుతో ఊడవకూడదు, బ్లోయర్ అసలు కొట్టకూడదు, ఆ దుమ్ము మనమే పీలుస్తాం. గ్లౌజులు, మాస్కు వేసుకుని, తలుపులు తెరిచి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి పది వంతుల నీళ్ళు కలిపి చల్లి, ఐదు నిమిషాలు ఆగి, తడిగా ఉండగానే తుడిచెయ్యాలి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, దాన్నే ఎలుక జ్వరం అంటారు, అది చర్మం మీద గాట్లలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. రాగి తీగ లాగే చేతులు సార్ మావి, గాటు లేని రోజు ఉండదు. వానాకాలంలో మోరీ నీళ్ళు పొంగి షాపులోకి వస్తే ఆ నీళ్ళల్లోనే చెప్పుల్లేకుండా నిలబడి సామాను ఎత్తుతాం. తర్వాత జ్వరం, ఒళ్ళునొప్పులు, పిక్కలు పట్టేయడం, కళ్ళు ఎర్రబడటం ఉంటే మామూలు జ్వరమని మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకోకుండా, ఎలుకల మూత్రం తగిలే చోట పని చేస్తానని డాక్టరుకి చెప్పాలి. ఆ మాట మనం చెబితేనే ఆయనకి ఆ టెస్టు రాయాలని తోస్తుంది.

కరెంటు సంగతి కూడా. బోర్డు వెనక రెండు వైర్లు పక్కపక్కనే తోలు ఒలిచినట్టు రాగి బయటపడి ఉండటం నేను చూశాను, మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత దూరం. ఆ గదిలో వార్నిష్, థిన్నర్ డబ్బాలున్నాయి, పైన నా పిల్లలు పడుకుని ఉన్నారు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో వర్క్‌షాప్ ఉన్న ప్రతి ఒక్కరూ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ, పెట్టించుకోవాలి, బయట కనిపించే వైర్లని ఇనప పైపుల్లోకి మార్చాలి, రాత్రి పోయేటప్పుడు షాపు మెయిన్ ఆపాలి.

ఇదంతా నా ఒక్క గదికి. కానీ గల్లీ చివర మోరీ మీద పలకలు పగిలి ఉంటే, హోటల్లో మిగిలిన అన్నం రాత్రి పది తర్వాత కవర్లో కట్టి స్తంభం కింద పడేస్తుంటే, ఒక్క ఇల్లు ఎంత మూసుకున్నా ఎన్నాళ్ళు? మేం పదకొండు ఇళ్ళవాళ్ళం కూర్చుని మాట్లాడుకుని, తలా కొంత వేసుకుని మూడు పలకలు మార్పించాం. హోటల్ ఆయన్ని బతిమాలి మూత ఉన్న డ్రమ్ము పెట్టించాం, పొద్దున చెత్త బండి వచ్చేదాకా అందులోనే ఉంచుతున్నాడు పాపం, మాట మీద నిలబడ్డాడు. పక్క గల్లీలో ఇదేమీ జరగలేదు.

నగర పాలక సంస్థ వాళ్ళు దోమల కోసం ఇంటింటికీ వస్తారు, పూలకుండీల కింద పళ్ళేలు కూడా చూస్తారు, మంచి పని. ఆ వచ్చినప్పుడే మోరీ పలకలు, పందికొక్కు బొరియలు, గోడల కన్నాలు కూడా చూసి ఇంటివాళ్ళకి చెబితే ఎంత బాగుంటుంది. ఎలుకల వల్ల వచ్చే ప్లేగు మన ఊరికి కొత్త కాదు, చార్మినార్ 1591లో కట్టింది ప్లేగు తగ్గినందుకే అని చిన్నప్పుడు చదువుకున్నాం. 1994లో సూరత్ ప్లేగు వార్తలు వచ్చినప్పుడు నేను రాణిగంజ్‌లో పని నేర్చుకుంటున్నాను, ఆ నెలంతా ఎలుక కనిపిస్తే అందరికీ టెన్షన్, రెండు నెలలకి అందరూ మర్చిపోయారు. మన రాజేంద్రనగర్‌లోనే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, ఎన్‌ఐపీహెచ్‌ఎం అంటారు, ఎలుకల నియంత్రణ మీద శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ అది. పొలాల్లో ఎలుకల గురించి అంత తెలిసినవాళ్ళు ఇదే ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు నెలకో ఆదివారం పూట బస్తీల్లోకి వచ్చి, ఇంట్లో పని పెట్టుకున్న మాలాంటి వాళ్ళకి రెండు గంటలు చెబితే మేం షాపులు మూసుకుని మరీ వస్తాం. పెస్ట్ కంట్రోల్ పేరుతో డబ్బు తీసుకునేవాళ్ళు కన్నాలు చూసి రాసివ్వకుండా మందు పెట్టకూడదని కూడా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

మీ చిట్కాల పేజీ మా ఇంట్లో మా ఆవిడ కత్తిరించి దాచుకుంటుంది. అలా దాచుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. అందుకే వచ్చే వారం కర్పూరం, లవంగాల స్థానంలో స్టీల్ స్క్రబ్బరు, పావు ఇంచు జాలీ, పౌడర్ డబ్బా గురించి వేయండి. ఫొటో కావాలంటే మా షెడ్డులో తీసుకోవచ్చు.

నిన్న రాత్రి కూడా పౌడర్ చల్లి పడుకున్నాను, వారానికోసారి చల్లుతాను ఇప్పటికీ. పొద్దున చూశా. లోపల ఒక్క అడుగు లేదు. షట్టర్ బయట మాత్రం, పక్క గల్లీ వైపు నుంచి వచ్చి, అల్యూమినియం పట్టీ పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెనక్కి తిరిగిన అడుగులు ఉన్నాయి.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ పనివాడు,
మౌలాలి, హైదరాబాద్.